ఉత్తరపు హద్దు

శ్రీకాకుళం కోర్టు వెనక రికార్డు రూముకి
కిటికీ ఒక్కటే. అదీ సగం బీరువా మింగేసింది.
కట్ట విప్పితే దుమ్ముకన్నా ముందు
ఏ తుఫానులోనో తడిసి ఆరిన వాసన లేచింది.

నాకు కావలసింది మా ముత్తవ్వ తల్లి.
పేరు తవిటమ్మ, ఊరు పొందూరు పక్కన.
ఇంట్లో మిగిలింది అంతే.
ఏడు తరాల తాతల్ని గుక్కతిప్పకుండా వల్లించే మా బాబాయి
ఆమె దగ్గరికొచ్చేసరికి
మంచినీళ్ళు అడుగుతాడు.

మూడో వారంలో ఒక మరణశాసనం దొరికింది.
గురుగుబెల్లి అక్కమ్మ, 1879.
"నా స్వస్థబుద్ధితో వ్రాయించి యిచ్చినది యేమనగా"
కొడుకులిద్దరికీ మెరకా పల్లమూ.
"తవిటమ్మకు యిత్తడి గుండిగ వకటి,
దొడ్డిలో వుత్తరపు వార ఆరు సెంట్లు."
కూతురన్నమాట, అనుకున్నాను.
చార్టు మీద పెన్సిలుతో గీత గీశాను.
ఆ సాయంత్రం ఇంటికి జీళ్ళు కూడా పట్టుకెళ్ళాను.

గీత ఐదు రోజులు నిలిచింది.
1884 దావాలో ఆ కొడుకులే వాదులు:
"ఈ ప్రతివాది మా తల్లికి పుట్టినది కాదు.
మా కులము కాదు, నేతవారి పిల్ల.
మాకేమియు కాదు."
రబ్బరు పెట్టి చెరిపితే చార్టు చిరిగింది.

అప్పుడు నవ్వాడు అటెండరు.
"నా పేరేటమ్మా?"
తవిటినాయుడు. మూడు వారాలుగా పిలుస్తూనే ఉన్నాను.
"నా ముందల ఇద్దరు పోనారు. నన్ను చేటలో ఎట్టి
పక్కింటి ముసిల్దానికి అమ్మేసినారు, చేటెడు తవుడికి.
అమ్మేసిన గుంటడిమీద సావుకి అక్కేటుంటాది?"

తెలిసిన సంగతే. మా వీధిలోనూ తవిటయ్యలున్నారు.
కాగితంలో మాత్రం తట్టలేదు.
ఆమె పేరే ఒక దస్తావేజు;
ఆమెకు ముందు పుట్టి, పేరు పెట్టేలోపే పోయినవాళ్ళు
దానికి సాక్షులు.

వాఙ్మూలం ఆరో పుటలో ఉంది.
ప్రతివాది, వయసు సుమారు నలభై, వృత్తి నేత.
"అక్కమ్మ నన్ను తవుడిచ్చి కొనెను.
మా యమ్మ పాలిచ్చెను. పండుగకు కోక అక్కమ్మ పెట్టెను."
ఇంతవరకూ గుమాస్తా భాష.
ఆఖరు మాట ఎందుకో దిద్దకుండా వదిలేశాడు:
"అమ్మినోలే మల్లీ అడగనేదు. మజ్జిన ఈలెవులు?"

కింద నిశాని.
సాక్షులందరూ అడ్డగీతలు పెట్టిన చోట
ఆమె నాడె బొమ్మ గీసింది,
కొసలు రెండూ సన్నంగా, నడుమ కండెతో సహా.
కలం కొత్త కాబోలు, సిరా ఒకచోట ముద్దకట్టింది.
నాడె మాత్రం వంకర పోలేదు.

తీర్పుని చెదలు తినేశాయి.
"ఇక్కడితో సరి," అన్నాను.
తవిటినాయుడు కేరేజీ విప్పుకున్నాడు.

ఆ తర్వాత నెలకి, వేరే పనిమీద,
రిజిస్ట్రారాఫీసులో 1903 నాటి అమ్మకం చూశాను.
ఎవరో పోలినాయుడు ఇంకెవరికో రాసిచ్చిన నేల.
వాళ్ళతో నాకు పనిలేదు, ఊరికే హద్దులు చదివాను.
తూర్పు: గెడ్డ.
దక్షిణం: బండిదారి.
పడమర: గురుగుబెల్లి వారి కల్లం.
ఉత్తరం: తవిటమ్మ స్థలం.

గెలిచింది!
బెంచీ మీద పక్కనున్నాయన ఉలిక్కిపడి చూశాడు.

కొత్త చార్టు కొన్నాను.
తల్లి అని ఉన్న గడి ఒకటే, ఇరుకుగా.
అక్కమ్మ పేరుంది, విల్లు ఉంది, దావా ఉంది.
కన్నతల్లి పేరు ఏ పుటలోనూ లేదు.
పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.

గుండిగ కూడా మళ్ళీ ఏ కాగితంలోనూ కనబడలేదు.
తాకట్టులో పోయిందో, కంచరి కొలిమిలో కరిగిందో,
ఎవరి పెరట్లోనో ఇప్పటికీ
దాన్లో నీళ్ళు కాగుతున్నాయో.